ఒకే డబ్బాలో నాలుగు ఆయిళ్లు

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం పొద్దున స్పోర్ట్స్ కార్ల యజమానుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు లేకుండా మాట్లాడదామనుకున్నాను గానీ బయట ఎవరో తమ ఎగ్జాస్ట్ అందరికీ వినిపిస్తున్నారు. ఆయన ఆపేదాకా మైకు తప్పదు. (నవ్వులు)

ఈ బల్ల మీద రెండు గాజు సీసాలున్నాయి. రెండింట్లోనూ సగం దాకా కొత్త ఇంజన్ ఆయిల్ పోశాను. బాబూ, నువ్వే, ఎర్ర చొక్కా... ఒకసారి ఇలా వచ్చి రెండూ ఒకేసారి తలకిందులు చెయ్యి. చూశారా? ఎడమ చేతి సీసాలోది టక్కున జారిపోయింది. కుడి చేతిలోది ఇంకా కదులుతూనే ఉంది, నిద్ర లేవని పిల్లాడిలా. ఎడమది 5డబ్ల్యూ-20, ఈ అంకెల అర్థం తర్వాత చెప్తాను. కొత్త అయిదు లీటర్ల ఇంజన్‌తో వచ్చిన 2011 మోడల్ ఫోర్డ్ ముస్టాంగ్ జీటీకి అమెరికాలో కంపెనీ చెప్పిన ఆయిల్ ఇది. కుడిది 10డబ్ల్యూ-60. అదే రోజుల్లో అమ్ముడైన బీఎండబ్ల్యూ ఎం3కి ఆ కంపెనీ చెప్పిన ఆయిల్ అది. రెండూ వీ8 ఇంజన్లే, అంటే ఎనిమిది సిలిండర్లవి. రెండింటి బలమూ కాస్త అటూ ఇటూగా 410 హార్స్ పవర్ చుట్టుపక్కలే. మరి ఒకదానికి నీళ్లలాంటి ఆయిల్, ఇంకోదానికి పాకంలాంటి ఆయిల్ ఎందుకు? ఇద్దరు ఇంజనీర్లలో ఒకడికి బుద్ధి లేదా? ఈ పొద్దున నేను మాట్లాడబోయేదంతా ఈ రెండు సీసాల గురించే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పన్నెండేళ్లు లూబ్రికెంట్ల ల్యాబులో ఆయిల్ శాంపిళ్లు పరీక్షించాను. ఆ తర్వాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. షెడ్డు పెట్టినప్పటి నుంచి నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ కంపెనీ ఆయిల్ మంచిది సార్?" దానికి నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: "మీ కారు ఆయిల్ ఎంత వేడెక్కుతుంది?" నూటికి తొంభై మంది బిక్కమొహం వేస్తారు. ఎనభై లక్షలు పెట్టి కారు కొంటారు, డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ టెంపరేచర్ గేజీ ఉంటుంది, దాన్ని మాత్రం ఒక్కసారీ చూసి ఉండరు.

ఆయిల్ కథ మన పల్లె నుంచే మొదలుపెడతాను, ఓపిక పట్టండి. ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసేవాళ్లు, ఇక్కడ చూసినవాళ్లు ఎంతమంది? మీరిద్దరేనా... ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి, జిగురుగా చేసి, చిన్న గొట్టంలోనో కొమ్ములోనో పోసి బండికి వేలాడదీసేవాళ్లు. బండి కీచుమంటే ఆపి, చక్రం సడలించి పూసేవాళ్లు. ఆ ఆముదమే విమానం కూడా ఎక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, సిలిండర్లే గిర్రున తిరిగే రోటరీ ఇంజన్ల విమానాలకు ఆముదమే కందెన, ఎందుకంటే అది పెట్రోల్‌లో సులువుగా కరగదు, లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఇంజన్లు సగం కాలిన ఆముదాన్ని గాల్లోకి చిమ్మేవి. వెనక కూర్చున్న పైలట్ అది పీల్చేవాడు, ఆ తర్వాత అతని కడుపు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు) క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచే పుట్టింది. మన మహబూబ్‌నగర్, నల్గొండ చేలల్లో పండే పంటే అది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారే, అచ్చంగా ఆ రోజుల్లో ఇంజన్లకు అదే పరిస్థితి. ఆముదానికి ఉన్న చిక్కల్లా వేడికి జిగురు కట్టి, లక్కలా గట్టిపడిపోవడం. రేసు అయిపోగానే ఇంజన్ విప్పి తోముకోవాల్సిందే.

ఇప్పుడు కందెన అసలు పనేమిటో చూద్దాం. నునుపు చేస్తుంది అంటారు అందరూ. నునుపు చేయడం కాదు, మోయడం దాని పని. 1883లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులాంటి దాని మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయిల్ పోయడానికని బేరింగు పైభాగంలో బెజ్జం పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే ఆ బెజ్జంలోంచి ఆయిల్ పైకి ఎగదన్నింది. బిరడా కొట్టాడు, ఎగిరిపోయింది. చెక్క మేకు దిగ్గొట్టాడు, అదీ బయటికొచ్చేసింది. విసుగొచ్చి ప్రెషర్ గేజీ బిగిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటి, చివరకొచ్చి ఆగింది. బేరింగు మీద సగటు బరువు అందులో సగమే. అంటే తిరిగే ఇరుసు తనంతట తానే ఆయిల్‌ను సందులోకి లాక్కుని, దాని మీద ఎక్కి తేలుతోందన్నమాట. మూడేళ్లకు, 1886లో, ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి లెక్క రాసి ఇచ్చాడు. మీ కారులో క్రాంక్ షాఫ్టు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఇవాళ్టికీ ఆ లెక్క ప్రకారమే తేలుతోంది. గట్టి లోడు మీద ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే ఉంటుంది, ఒక్కోసారి ఒక్క మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీ తల వెంట్రుక దాదాపు డెబ్భై మైక్రాన్లు. ఉంటే. (నవ్వులు)

ఆ పొరను నిలబెట్టేవి మూడు: తిరిగే వేగం, మోసే బరువు, ఆయిల్ చిక్కదనం. వేగం, బరువు మీ కుడి కాలు చేతిలో ఉన్నాయి. చిక్కదనం మీరు కొనే డబ్బాలో ఉంది. కానీ డబ్బాలో ఉన్న చిక్కదనం ఇంజన్‌లో ఉండదు. ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు.

ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం పెట్టిన జే300 అని ఒక ప్రమాణం ఉంది. డబ్బా మీద అంకెలన్నీ అక్కడివే. 5డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న అంకె చలిలో ఇంజన్ తిరగడానికి, ఆయిల్ పంపు అందుకోవడానికి పెట్టిన పరీక్ష. 5డబ్ల్యూకి ఇంజన్ తిరిగే పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూకి మైనస్ 35 దగ్గర. మన దగ్గర ఆదిలాబాద్ చలికాలంలో కూడా ఆ బాధ లేదు. అలాగని 0డబ్ల్యూ మనకు దండగ అనకండి. పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు 30 డిగ్రీల దగ్గర కూడా ఏ ఆయిలైనా పని చేయాల్సిన దానికన్నా చాలా చిక్కగా ఉంటుంది. 0డబ్ల్యూ-40 కాస్త తొందరగా పైకెక్కుతుంది. అయితే ఆ తేడా కోసం నేనైతే నిద్ర పాడు చేసుకోను.

వెనకున్న అంకె దగ్గర ఆగుదాం. దాన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. 20 అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్‌ల లోపు. 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు. 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. ఆపైన 26.1 దాకా 60. సెంటీస్టోక్ అంటే ఏమిటో గుర్తుపెట్టుకోకపోయినా పర్వాలేదు. 20 డిగ్రీల నీళ్లు ఒక సెంటీస్టోక్ అనుకోండి చాలు. ఈ అంకెలన్నీ సరిగ్గా 100 డిగ్రీల దగ్గరే నిజం. పైకి పోతే అబద్ధం, కిందికి పోయినా అబద్ధం.

100 దగ్గర 14 సెంటీస్టోక్‌లు ఉన్న మామూలు 40 గ్రేడ్ సింథటిక్ ఆయిల్ తీసుకుని, ఉష్ణోగ్రత మారిస్తే దాని చిక్కదనం ఎటు పోతుందో లెక్క వేశాను. 120 దగ్గర దాదాపు తొమ్మిదిన్నర. అంటే 100 దగ్గర 30 గ్రేడ్ ఆయిల్ ఎలా ఉంటుందో అలా. 140 దగ్గర ఏడుకి కాస్త తక్కువ. అది 20 గ్రేడ్ గడప. అదే ఆయిల్ 80 దగ్గర? ఇరవై రెండు దాటుతుంది. అది 60 గ్రేడ్. ఒకే డబ్బాలో 60 ఉంది, 40 ఉంది, 30 ఉంది, 20 ఉంది. ఏది బయటికి రావాలో మీ ఇంజన్ వేడి నిర్ణయిస్తుంది. అందుకే గేజీ గురించి అడిగాను.

ఇప్పుడు ఆ రెండు సీసాల దగ్గరికి వద్దాం. ఎం3 ఇంజన్ 8,400 ఆర్‌పీఎం దాకా, అంటే నిమిషానికి అన్ని చుట్లు, తిరుగుతుంది. రేసు ట్రాక్ మీద దాని ఆయిల్ 130, 140 డిగ్రీలకు వెళ్తుందని తయారు చేసినవాళ్లకు తెలుసు. ఇదే లెక్క 10డబ్ల్యూ-60కి వేస్తే 140 దగ్గర అది పది సెంటీస్టోక్‌ల పైన నిలుస్తుంది. అంటే ఆ కంపెనీ అడిగింది పాకం కాదు. మరిగే ఇంజన్‌లో 30 గ్రేడ్ ఆయిల్ అడిగింది. ముస్టాంగ్ వాళ్ల లెక్క వేరు. అమెరికాలో ఒక కంపెనీ అమ్మే కార్లన్నింటి సగటు మైలేజీకి చట్టం ఉంది. ఆయిల్ పలచబడితే ఒక శాతం లోపే ఇంధనం ఆదా అవుతుంది, కానీ లక్షల కార్ల మీద లెక్క కడితే అది పెద్ద మొత్తమే. రోడ్డు మీద తిరిగే ముస్టాంగ్ ఆయిల్ వంద డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. అక్కడ 20 గ్రేడ్ ఆ బేరింగులకు సరిపోతుంది.

సరిపోతుందని ఎలా నమ్మాలి అంటారా? ఫోర్డే జవాబు చెప్పింది. అదే అయిదు లీటర్ల ఇంజన్‌కి మెరుగులు దిద్ది, 7,500 ఆర్‌పీఎం దాకా తిరిగేలా చేసి, 2012 మోడల్‌గా బాస్ 302 అని ట్రాక్ మనుషుల కోసం అమ్మింది. ఆ కారుకి చెప్పిన ఆయిల్ 5డబ్ల్యూ-50. ఒకే ఇంజన్ కుటుంబం, ఒకే కంపెనీ. రోడ్డుకు 20, ట్రాక్‌కు 50. షెవర్లే కార్వెట్ వాళ్లు ఇంకా తిన్నగా రాశారు. 2014 మోడల్ కార్వెట్ యజమానుల పుస్తకంలో రోడ్డుకైతే 5డబ్ల్యూ-30, ట్రాక్‌కు వెళ్తే 15డబ్ల్యూ-50 పోసుకోండి, తిరిగొచ్చాక మళ్లీ మార్చుకోండి అని ఉంది. లీటర్ల కొద్దీ పోయడం, మళ్లీ తీసేయడం! 2019 మోడల్ నుంచి ఆ గోలంతా తీసేసి రెండింటికీ 0డబ్ల్యూ-40 పెట్టారు. నన్నడిగితే మంచి రోడ్డు స్పోర్ట్స్ కారుకు 40 గ్రేడ్ చుట్టూనే లోకం ఆగడానికి కారణం ఇదే. 80 దగ్గర మరీ మొండిగా ఉండదు, 120 దగ్గర మరీ చేతులెత్తేయదు. నిస్సాన్ జీటీ-ఆర్‌కి 0డబ్ల్యూ-40 చెప్పారు, పోర్షె 911లో దశాబ్దాలుగా 40 గ్రేడే ఎక్కువగా తిరుగుతోంది.

ఎం3 వాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఒకాయన చెయ్యెత్తారు. మీకు తెలిసే ఉంటుంది, ఈ ఆయిల్ మీద ప్రపంచమంతా గొడవ. 2001-03 మధ్య వచ్చిన ఆరు సిలిండర్ల ఎం3లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగిపోతుంటే కంపెనీయే కార్లు వెనక్కి పిలిచి బేరింగులు మార్చింది. ఆ తర్వాతి వీ8లోనూ బేరింగుల భయం యజమానులను వదల్లేదు. ఆయిల్ మరీ చిక్కనని ఒక పక్షం, బేరింగు సందు మరీ ఇరుకని ఇంకో పక్షం. నేను ఏ పక్షంలోనూ చేరను గానీ ఒక్క మాట చెప్తాను. 10డబ్ల్యూ-60 పోసుకుని స్టార్ట్ చేసిన అయిదో నిమిషంలో ఏడు వేల ఆర్‌పీఎం ఎక్కిస్తే ఆ బేరింగు బతకదు. 80 డిగ్రీల దగ్గరే ఆ ఆయిల్ దాదాపు 40 సెంటీస్టోక్‌లు ఉంటుంది. ఆ ఇరుకు సందులోకి చాలినంత వెళ్లదు. అందుకే బీఎండబ్ల్యూ ఇంజన్ వేగం చూపే టాకో మీటరు మీద ఆయిల్ వేడెక్కే కొద్దీ ఒక్కొక్కటిగా ఆరిపోయే లైట్లు పెట్టింది. అవి అలంకారానికి కాదు సార్.

మన ఎండల సంగతి. "మే నెలలో నలభై అయిదు డిగ్రీలు సార్, మనకు చిక్కటి ఆయిలే కావాలి" అని ప్రతి షెడ్డులోనూ అంటారు. 20డబ్ల్యూ-50 చేతిలో పెడతారు. అంబాసిడర్ రోజుల్లో ఆ మాట కొంత నిజం. ఇప్పటి ఇంజన్‌లో కూలెంట్‌ను థర్మోస్టాట్ తన చెప్పుచేతల్లో ఉంచుకుంటుంది. ఆయిల్ కూలర్ చాలా కార్లలో ఆ కూలెంట్‌తోనే చల్లబడుతుంది. బయట 25 ఉన్నా, 45 ఉన్నా రోడ్డు మీద ఆయిల్ వేడిలో వచ్చే తేడా కొద్దిపాటిదే. ఆయిల్‌ను వేడెక్కించేది ఎండ కన్నా లోడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వేగంతో నిలకడగా పోతే ఆయిల్ హాయిగా ఉంటుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పది ల్యాపులు కొడితే చలికాలమైనా 130 దాటుతుంది. నగరంలో మన అసలు సమస్య దీనికి తిరగబడ్డది. జూబ్లీహిల్స్ నుంచి బంజారాహిల్స్‌కి కాఫీకి వెళ్లి వచ్చే 911కి ఆయిల్ వేడెక్కడమే ఉండదు. 75, 80 దగ్గర ఆగిపోతుంది. కాలని పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంది, తేమ లోపలే ఉండిపోతుంది. ఆ కారులో 20డబ్ల్యూ-50 పోయడం అంటే జలుబు చేసినవాడికి ఐస్‌క్రీమ్ పెట్టడమే.

ఇదే తప్పు నేనూ చేశాను, ఒప్పుకుంటాను. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక చిన్న టర్బో కారుకి, పాత అలవాటు కొద్దీ, పుస్తకంలో 30 ఉంటే 50 పోశాను. మూడో రోజు చెక్ ఇంజన్ లైటు వెలిగించుకుని వచ్చారు. ఇప్పటి ఇంజన్లలో వాల్వుల టైమింగ్ మార్చే యంత్రాన్ని కదిపేది ఆయిల్ ఒత్తిడే. సన్నటి జాలీలు, సన్నటి దారులు. చిక్కటి ఆయిల్ సమయానికి అక్కడికి చేరక కంప్యూటరు ఫిర్యాదు చేసింది. మళ్లీ ఆయిల్, ఫిల్టరు నా జేబులోంచి మార్చి పంపాను. ఆ రోజు నుంచి పుస్తకం చూడకుండా డబ్బా మూత తీయను.

పుస్తకంలో గ్రేడ్ ఒక్కటే చూడకండి, దాని పక్కన ఒక కోడ్ ఉంటుంది, ఆయిల్ డబ్బా మీద ఉండాల్సిన ముద్ర అది. కోడ్ ఎందుకో అర్థం కావాలంటే ఇంకో కొలత చెప్పాలి. 100 డిగ్రీల దగ్గర ఆయిల్‌ను ఊరికే జారనిచ్చి కొలుస్తారు. బేరింగులో అలా జారదు, రెండు లోహాల మధ్య నలుగుతుంది. అందుకని 150 డిగ్రీల దగ్గర, సన్నటి సందులో విపరీతమైన వేగంతో నలిపి ఇంకో కొలత తీస్తారు. హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. మల్టీగ్రేడ్ ఆయిల్‌లో చిక్కదనం నిలిపే పొడవాటి పాలిమర్లు ఉంటాయి కదా, ఈ నలుగుడులో అవి చదునైపోతాయి. ఆ తర్వాత మిగిలేదే అసలు బలం. 20 గ్రేడ్‌కి కనీసం 2.6 ఉండాలి, 30కి 2.9, 5డబ్ల్యూ-40 లాంటి వాటికి 3.5. ఇక్కడే మోసపోయే చోటు ఉంది. యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ ఇచ్చే ఏ3/బీ4 ముద్ర ఉన్న 5డబ్ల్యూ-30 తీసుకుంటే దానికి కనీసం 3.5 ఉంటుంది. మైలేజీ కోసం చేసిన 5డబ్ల్యూ-30లో మూడు చుట్టుపక్కల ఉంటుంది. డబ్బా ముందు వైపు రెండింటి మీదా అదే అంకె, అదే మెరుపు, అదే రేసు కారు బొమ్మ.

అందుకే డబ్బా తిప్పి వెనక చూడమంటాను. పోర్షె ఏ40 అని ఉందా? ఆ ముద్ర కోసం ఇంజన్‌ను టెస్ట్ బెంచి మీద 200 గంటలకు పైగా నడుపుతారు, అందులో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాక్ మీద పరుగెత్తినట్టు నడిపే ఘట్టం కూడా ఉంటుంది. ఎగ్జాస్ట్‌లో మసి పట్టే పర్టిక్యులేట్ ఫిల్టరు ఉన్న కొత్త పోర్షెలకు సీ40 వేరుగా ఉంది, బూడిద తక్కువ చేసే ఆయిల్. ఏ40 కావలసిన పాత కారుకి, సీ40 కావలసిన కొత్త కారుకి రెండింటికీ 0డబ్ల్యూ-40 ఉండొచ్చు, కానీ ఒకదాని బదులు ఒకటి పోయకూడదు. ఇంకో చిన్న తిరకాసు. ముద్ర పక్కన "అప్రూవ్డ్" అని ఉందా, "రికమెండెడ్" అని ఉందా, "మీట్స్" అని ఉందా చూడండి. మొదటిది కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకుంది. మిగతా రెండూ ఆయిల్ అమ్మేవాడు తనకు తాను ఇచ్చుకున్న కితాబు. అమ్మేవాడు అబద్ధమాడుతున్నాడని కాదు, కాకపోతే కోటి రూపాయల ఇంజన్‌ని ఆయన మాట మీద పెట్టాలా?

టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లవాళ్లు అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చే ఎస్‌పీ ముద్ర గానీ, దాని తర్వాత వచ్చిన ముద్ర గానీ ఉన్నదే తీసుకోండి. ఎస్‌పీ 2020 మేలో వచ్చింది. తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కినప్పుడు మిశ్రమం స్పార్కు కన్నా ముందే అంటుకుని పిస్టన్ పగిలే జబ్బు ఒకటి ఉంది. ఆయిల్‌లోని కాల్షియం దాన్ని రెచ్చగొడుతుందని తేలి, మెగ్నీషియం వైపు మళ్లారు. అంతవరకు చాలు.

సింథటిక్ అన్న మాట గురించి తగాదా పడటం నాకు ఇష్టం లేదు. ముడి చమురునే బాగా శుద్ధి చేసిన గ్రూప్ 3, కర్మాగారంలో అణువులు కట్టి చేసిన పీఏఓ, ఎస్టర్లు... అన్నింటినీ ఇప్పుడు సింథటిక్ అనే అమ్ముతున్నారు. ముద్ర గెలిచినప్పుడు కులం అడగక్కర్లేదు.

ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు రెండు మాటలు. ఒకటి, ఆయిల్ మట్టం. గట్టి మలుపులో ఆయిలంతా సంప్‌లో, అంటే ఇంజన్ అడుగు తొట్టిలో, ఒక పక్కకు పోయి పంపు గాలి మింగుతుంది. ఏ గొప్ప ఆయిలైనా అక్కడ లేకపోతే ఏం చేస్తుంది? గరిష్ఠ గీత దాకా ఉంచండి, దాటించకండి, దాటితే క్రాంక్ చిలికి మజ్జిగ చేస్తుంది. డ్రై సంప్ ఉన్న, అంటే ఆయిల్ వేరే ట్యాంకులో ఉండే కారులో మట్టం చూసే పద్ధతే వేరు, పుస్తకం చదవండి. రెండోది, శాంపిల్. ఆయిల్ మార్చేటప్పుడు వంద మిల్లీలీటర్లు పట్టి ల్యాబుకు పంపండి. రాగి, సీసం పెరుగుతుంటే బేరింగు అరుగుతోంది. ఇనుము పెరిగితే సిలిండరో, వాల్వులు తెరిచే క్యామో. 100 డిగ్రీల చిక్కదనం పడిపోయి ఉంటే పెట్రోల్ కలిసింది, లేదా పాలిమర్లు తెగాయి. సిలికాన్ పెరిగితే దుమ్ము. మీలో కొందరు శబ్దం బావుంటుందని పెట్టించుకున్న ఆ కోన్ ఎయిర్ ఫిల్టర్ల చలవ అది. ఏ కంపెనీ ఆయిల్ మీ ఇంజన్‌కు సరిపడిందో ఆ కాగితం చెప్పినంత నిజాయితీగా నేను కూడా చెప్పలేను.

మన ఊళ్లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. నేనూ టికెట్ కొని వెళ్లాను. ముప్పై ఏళ్లు ఇంజన్ ఆయిల్‌తో బతికినవాణ్ని, నా ఊరికి ప్రపంచ స్థాయి రేసు వస్తే ఆ కార్లలో ఇంజనే లేదు, అన్నీ కరెంటు కార్లు! (నవ్వులు) సరే, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, బయట చిన్న సీసాల్లో అడిటివ్‌లు అమ్ముతారు కదా, ఆయిల్‌లో కలిపితే ఇంజన్ స్మూత్ అవుతుందని...

వద్దండీ. మంచి ఆయిల్‌లో డిటర్జెంటు, జింకు, మాలిబ్డినం అన్నీ ఒక తూకంలో ఉంటాయి. లోహం మీద చోటు కోసం అవి ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. పప్పు రుచి చూసి దించాక, పక్కింటావిడ వచ్చి గుప్పెడు ఉప్పు వేస్తే ఊరుకుంటారా?

ప్రశ్న: దారిలో ఆయిల్ తగ్గితే వేరే కంపెనీది పోయొచ్చా?

పోయొచ్చు, నిక్షేపంగా. ముద్ర ఉన్న ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలవాలన్నది నియమం. అదే గ్రేడ్, అదే కోడ్ దొరికితే మంచిది, దొరక్కపోతే దగ్గరిది పోయండి. తక్కువ ఆయిల్‌తో నడపడం కన్నా ఏ ఆయిలైనా నయం. ఒక్క బైకు ఆయిల్ మాత్రం వద్దు, అది తడి క్లచ్ కోసం, అంటే ఆయిల్‌లోనే మునిగి ఉండే క్లచ్ కోసం, చేసిన వంటకం. కొనేటప్పుడు మాత్రం బిల్లు తీసుకోండి, మూత సీలు, బ్యాచ్ నంబరు చూడండి. ఖరీదైన ఆయిల్ ఖాళీ డబ్బాలకు పాత సామాన్ల కొట్టులో మంచి గిరాకీ ఉంది. ఎందుకో ఆలోచించండి. మీరు తాగేసిన డబ్బా పారేసే ముందు, అంటే మీ కారు తాగేసిన డబ్బా (నవ్వులు), కత్తితో ఒక గాటు పెట్టండి.

ప్రశ్న: నా 911 నెలకు ఒకసారే బయటికి తీస్తాను సార్. బ్యాటరీ కోసం రోజూ పొద్దున స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచి ఆపేస్తాను. కిలోమీటర్లు రెండు వేలే తిరిగింది. ఆయిల్ మార్చాలా?

ఎన్నాళ్లయింది మార్చి? ...ఏడాదిన్నరా? ముందు ఆ అయిదు నిమిషాల పూజ మానేయండి. అయిదు నిమిషాల్లో ఆయిల్ 50 కూడా చేరదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, అందులో కొంత గోడల వెంట సంప్‌లోకి దిగుతుంది, కాలినప్పుడు పుట్టిన నీరు కూడా అక్కడికే చేరుతుంది. రోజూ కొంచెం పెట్రోలు, కొంచెం నీరు కలుపుతున్నారు, ఒక్క రోజూ ఆవిరి చేయట్లేదు. బ్యాటరీ కోసమైతే కొద్దికొద్దిగా చార్జి చేసే ట్రికిల్ చార్జర్ తగిలించండి. ఆయిల్ ఏడాదికి ఒకసారి మార్చండి, కిలోమీటర్లు ఎన్ని తిరిగినా సరే. మార్చిన తర్వాత నెలకు రెండు ఆదివారాలు గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి వెనక్కి రండి. మొదటి పది నిమిషాలు మూడు వేల ఆర్‌పీఎం దాటించకండి. ఆయిల్ గేజీ 90 చేరాక ఇరవై నిమిషాలు అక్కడే ఉండాలి. తిరిగొచ్చి గేజీ ఎంత దాకా ఎక్కిందో ఫోటో తీసి నాకు పంపండి, మీకు ఏ ఆయిల్ కావాలో అప్పుడు చెప్తాను.